మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, కోదాడలో అమ్మానాన్న: పన్నెండు లక్షల్లో ఈవీ (కరెంటు కారు) తీసుకోవచ్చా?

మియాపూర్ మూడో ఫ్లోర్:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మొదటి కారు ఇదే. నేను, నా భార్య, ఆరేళ్ల పాప. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, రానూపోనూ నలభై కిలోమీటర్ల లోపే. ఇన్నాళ్లూ బండి మీదే తిరిగాను. పాపను స్కూల్లో దింపాలంటే వానాకాలం చాలా ఇబ్బందిగా ఉంది. అమ్మానాన్న కోదాడలో ఉంటారు. నెలకోసారి కాకపోయినా రెండు నెలలకోసారైనా వెళ్లి వస్తాం. ఎటు పోయినా ఒక వైపే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది.

ఆన్‌రోడ్ పన్నెండు లక్షలు, లాగితే పదమూడు పెట్టగలను. టాటా వాళ్ల టియాగో ఈవీ పెద్ద బ్యాటరీది, పంచ్ ఈవీ, ఎంజీ వాళ్ల కామెట్ చూశాను. ఒక షోరూంలో ఎంజీ విండ్సర్ కారు చూపించి, బ్యాటరీ అద్దెకు తీసుకుంటే కారు చాలా తక్కువలో వస్తుందన్నారు. నాన్నకు చెబితే ‘మధ్యదారిలో చార్జింగ్ అయిపోతే చిన్నపిల్లతో ఏం చేస్తావురా’ అంటున్నారు. ఆయన అడిగినదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఈవీ నడుపుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఉప్పల్ టీచరమ్మ:
కారు సంగతి తర్వాత చూద్దాం. మీ పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఉందా? లేకపోతే పెట్టించుకోనిస్తారా? అది తేలకుండా షోరూంకి వెళ్లకండి.

మియాపూర్ మూడో ఫ్లోర్:
లేదండీ. స్టిల్ట్ పార్కింగ్ (బిల్డింగ్ కింద స్తంభాల మధ్య). సెక్రటరీ గారిని అడిగితే ‘ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు, కామన్ కరెంట్ బిల్లు ఎవరు కడతారు’ అన్నారు.

కరెంటు పని:
తమ్ముడూ, ఈ పనే నా వృత్తి. అపార్ట్‌మెంట్లలో ఎన్నో పాయింట్లు పెట్టాను, కాబట్టి వివరంగా చెబుతా.

కామన్ కరెంట్‌తో నీకు పనే లేదు. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అన్ని ఫ్లాట్ల మీటర్లూ ఎక్కువగా కింద పార్కింగ్‌లోనే ఒకే బోర్డు మీద ఉంటాయి. నీ మీటర్ నుంచి నీ పార్కింగ్ స్థలం దాకా విడిగా కేబుల్ లాగితే కాలిన ప్రతి యూనిట్టూ నీ బిల్లులోనే పడుతుంది. అసోసియేషన్‌కు పైసా భారం ఉండదు. ఈ మాట నోటితో చెప్పకు, ఒక కాగితం మీద రాసివ్వు. నీ మీటర్ నంబర్, కేబుల్ ఏ గోడ వెంట వెళ్తుంది, ఖర్చంతా నీదే, తేడా వస్తే బాధ్యత నీదే అని. చాలా కమిటీలకు ఉన్న భయం డబ్బు గురించి కాదు, మంటల గురించి. ఏ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంట్ ఆపేసే స్విచ్) పెడుతున్నావో, ఏ కేబుల్ వేస్తున్నావో చూపిస్తే సగం అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి. ఇంటి కనెక్షన్ మీద సొంత కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అది కూడా ప్రింట్ తీసి జతచెయ్యి.

ఇక పని విషయం. కారుతో వచ్చే చిన్న చార్జర్ 15 ఆంపియర్ల సాకెట్ మీద నడుస్తుంది, సుమారు 3.3 కిలోవాట్లు లాగుతుంది. గీజర్ వేసినట్టే కదా అంటారు. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, ఇది రాత్రంతా ఆగకుండా లాగుతుంది. అందుకే మామూలు గీజర్ వైరు వద్దు. మీటర్ దూరాన్ని బట్టి 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, విడి ఎంసీబీ, దానితోపాటు షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ, మంచి ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. కాలిపోయిన సాకెట్లు నేను మార్చినవన్నీ అలా వాడినవే.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. అది సరిగా లేకపోతే చార్జర్ ఎర్రలైటు చూపించి మొరాయిస్తుంది. కారు చెడిపోయిందనుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతారు జనం. కోదాడలో మీ నాన్నగారి ఇంట్లో కూడా ఇది చూపించుకో. పాత ఇళ్లల్లో ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోసి, పట్టీ మార్పిస్తే చాలా వరకు సరిపోతుంది.

నీ బిల్లు మీద మంజూరైన లోడ్ ఎంతుందో కూడా చూడు. తక్కువుంటే పెంచుకోవాలి, డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాల్సి వస్తుంది.

మియాపూర్ మూడో ఫ్లోర్:
అన్నా, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఈ ఆదివారం మీటింగ్ ఉంది, కాగితం రాసుకుని వెళ్తాను.

లెక్కల మాస్టారు:
కారు అమ్మేవాళ్లు ‘కిలోమీటరుకు రూపాయే’ అంటారు. అది మీ ఇంట్లో ఎంత కరెంట్ కాలుతోందో అడగకుండా చెప్పే మాట. మీకు నెలకు ఎన్ని యూనిట్లు వస్తున్నాయి?

మియాపూర్ మూడో ఫ్లోర్:
వేసవి వదిలేస్తే 190 దాకా సార్.

లెక్కల మాస్టారు:
సరే, నెలకు 1200 కిలోమీటర్లు అనుకుందాం. ఈ చిన్న కార్లు ఊళ్లో యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్ల దాకా ఇస్తాయి. అంటే 150 యూనిట్లు. చార్జింగ్‌లో పోయే నష్టం పది శాతం కలిపితే 165.

తెలంగాణలో ఇంటి వాడకం 200 దాటనంతవరకు మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. రెండు వందలు దాటగానే మొత్తం శ్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, 201 నుంచి 300 దాకా 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. మీ 190 యూనిట్లకు ఇప్పుడు 772 రూపాయలు. కారుతో కలిపి 355 యూనిట్లయితే 2,285. అంటే కారు తెచ్చే అదనపు భారం 1,513 రూపాయలు. ఇవి యూనిట్ చార్జీలు మాత్రమే, మిగతావి వేరు. కారు తినే ప్రతి యూనిట్టూ మీ బిల్లులో పై శ్లాబులోనే కూర్చుంటుంది, కింది శ్లాబులో కాదు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఈవీ చార్జింగ్‌కు విడిగా ఇంకో మీటర్ తీసుకుంటే యూనిట్ 6 రూపాయల టారిఫ్ ఉంది. అప్పుడు 990, దానిపై ఫిక్స్‌డ్ చార్జీ. నెలకు 1200 కిలోమీటర్లకు ఈ తేడా పెద్దదేం కాదు. ఇంట్లో రెండు ఏసీలు నడిచేవాళ్లు, ఎక్కువ తిరిగేవాళ్లు మాత్రం రెండో మీటర్ గురించి ఆలోచించాలి.

ఇప్పుడు పెట్రోల్. ట్రాఫిక్‌లో లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలనుకుంటే 80 లీటర్లకు 8,560. కరెంటుకు పై శ్లాబు కట్టినా నెలకు ఏడు వేలు మిగులుతాయి. అదే సైజు పెట్రోల్ ఆటోమేటిక్‌కూ ఈవీకీ ఆన్‌రోడ్ తేడా మూడు లక్షలనుకుంటే మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది.

పెట్రోలే మేలు:
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ 1200 కిలోమీటర్లు తిరిగేవాళ్లకే అది. నేను బ్యాంకులో చేస్తాను, ఆఫీసుకు నడిచే వెళ్తాను, కారు నెలకు నాలుగు వందలు కూడా తిరగదు. నాలాంటివాళ్లకు ఆ మూడు లక్షలు తిరిగి రావాలంటే పదేళ్లు దాటుతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈవీలపై ముందు నుంచీ 5 శాతమే కాబట్టి వాటి ధర అక్కడే ఉంది. రెండిటి మధ్య ఎడం పెరిగింది. ఈ తమ్ముడు నిజంగా ఎంత తిరుగుతాడో ముందు చూసుకోవాలి.

లెక్కల మాస్టారు:
మీరన్నది నిజం. నాలుగు వందల కిలోమీటర్లకు ఈవీ డబ్బు ఆదా కోసం కొనే వస్తువు కాదు. కానీ తెలంగాణలో ఇంకోటి ఉంది. 2024 నవంబర్‌లో వచ్చిన విధానం ప్రకారం ఈ రాష్ట్రంలో కొని ఇక్కడే రిజిస్టర్ చేసిన ఈవీలకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు. పది లక్షల లోపు పెట్రోల్ కారుకు 14 శాతం దాకా జీవిత పన్ను (ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్) పడుతుంది. ఎక్స్‌షోరూం ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది కనబడదు. ఆన్‌రోడ్ కొటేషన్లు రెండూ రాయించుకుని పోల్చాలి.

కొత్తగా చేరిన సభ్యుడు:
కేంద్రం సబ్సిడీ, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో లక్షన్నర మినహాయింపు కూడా ఉన్నాయి కదా? సేల్స్ అబ్బాయి అదే చెప్పాడు.

లెక్కల మాస్టారు:
రెండూ మీకు రావు. సొంత వాడకం కార్లకు ఇప్పుడు నడుస్తున్న పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సబ్సిడీ లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ సెక్షన్ 80ఈఈబీ కింద ఈవీ అప్పు వడ్డీపై లక్షన్నర మినహాయింపు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే. ఇప్పుడు తీసుకునే అప్పుకు వర్తించదు. ఎవరైనా ఆ మాట చెప్పి ఈఎంఐ లెక్క తక్కువ చేసి చూపిస్తే అక్కడే ఆపండి.

బెజవాడ బాట:
నేను టియాగో ఈవీ 24 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీది నడుపుతున్నాను. హైదరాబాద్, విజయవాడ మధ్య తరచూ తిరుగుతాను కాబట్టి మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు నేను చెప్పగలను.

2022లో ఈ కారు వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన రేంజ్ (ఒక్క చార్జ్‌లో వెళ్లే దూరం) 315 కిలోమీటర్లు. అది టెస్ట్ లెక్క. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, హైవే మీద 80, 90 వేగంతో వెళ్తే 180, 190 మధ్య వస్తుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 110 పట్టారంటే ఇంకా పడిపోతుంది. పెట్రోల్ కారుకు ఊళ్లో మైలేజీ తక్కువ, హైవేలో ఎక్కువ. దీనికి తలకిందులు. సిటీలో బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత కరెంట్ బ్యాటరీలోకి తిరిగొస్తుంది. హైవేలో అది ఉండదు, గాలిని చీల్చుకుంటూ పోవడానికే చార్జ్ అంతా ఖర్చవుతుంది.

అంటే మియాపూర్ నుంచి కోదాడకు ఒక్క చార్జ్‌లో వెళ్లలేరు. వెళ్లొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ జాతీయ రహదారి 65 మీద చార్జర్లకు కొదవ లేదు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, ఇలా హోటళ్ల దగ్గరే ఉన్నాయి. ఎలాగూ టిఫిన్‌కో టీకో ఆగుతారు. సూర్యాపేట దాకా లాగుదామని చూడకండి. నార్కట్‌పల్లి చుట్టుపక్కల యాభై శాతం దగ్గర ఉండగానే ఆగండి. అక్కడ చార్జర్ పనిచేయకపోయినా సూర్యాపేట చేరే చార్జ్ చేతిలో ఉంటుంది. ఇరవై శాతానికి వచ్చాక వెతికేవాళ్లకే టెన్షన్. ఈ కారుకు 10 నుంచి 80 శాతం ఎక్కడానికి ఫాస్ట్ చార్జర్ మీద గంటకు కాస్త తక్కువ పడుతుంది. మీకు అంత అవసరం లేదు, అరగంట చాలు. ఎనభై దాటాక ఎక్కడం మందగిస్తుంది, ఆ చివరి ఇరవై శాతం కోసం కూర్చోవద్దు.

బయట యూనిట్ ఇరవై రూపాయల అటూ ఇటూ పడుతుంది. కిలోమీటరుకు మూడు రూపాయలు. పెట్రోల్ కంటే తక్కువే, కానీ ఇంట్లో చార్జింగ్ లాంటి లాభం కాదు.

అసలు చిక్కు యాప్‌లతో. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. ఒకచోట నా డబ్బు కట్ అయి చార్జింగ్ మొదలవలేదు, వాపసు రావడానికి చాలా రోజులు పట్టింది. బయల్దేరే ముందు రోజే మూడు నాలుగు యాప్‌లు వేసుకుని, కొంచెం డబ్బు వేసి ఉంచుకోండి. ఆ చార్జర్ దగ్గర ఈ మధ్య ఎవరైనా చార్జ్ చేశారా అని సమీక్షలు చూడండి. సంక్రాంతి ముందు రెండు రోజులు మాత్రం క్యూ తప్పదు. పంతంగి టోల్ దగ్గర కార్లు ఎలా నిలబడతాయో మీకు తెలుసు కదా, చార్జర్ల దగ్గరా అదే పరిస్థితి. పండక్కి తెల్లవారుజామునే బయల్దేరండి, లేదా ఒకరోజు ముందే వెళ్లండి.

మియాపూర్ మూడో ఫ్లోర్:
ఈ పోస్ట్ నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. ‘చేరాక మన ఇంట్లో చార్జ్ ఎక్కుతుందా’ అని అడిగారు. కరెంటు పని అన్న చెప్పినట్టు ఎర్తింగ్ చూపిస్తానన్నారు. అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఉప్పల్ టీచరమ్మ:
కామెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నా దగ్గర ఉన్నది అదే. 17.3 యూనిట్ల బ్యాటరీ, రెండే తలుపులు, నాలుగు సీట్లు. స్కూలుకు వెళ్లి రావడానికి, ఇరుకు సందుల్లో పార్కింగ్‌కు నాకు ఇంతకంటే హాయైన బండి లేదు. కానీ బాబూ, మీకు అది వద్దు. వెనక సీట్లోకి మీ అమ్మగారు వంగి ఎక్కాలి. నాలుగు సీట్లూ నిండితే సామాను పెట్టే చోటు ఉండదు. అన్నిటికీ మించి నా దానికి ఫాస్ట్ చార్జింగ్ లేదు. హైవే మీద ఆగితే గంటలకొద్దీ ఆగాలి. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్లకు సరిపోయేది ఇది. మొదటి కారుగా, ఊరు వెళ్లే కారుగా కాదు.

సింగ్‌నగర్ వాసి:
నేను వేరే కోణం చెబుతాను. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. మా వీధిలో కార్లన్నీ నీళ్లలో ఉన్నాయి, పెట్రోల్‌వీ, డీజిల్‌వీ, ఈవీలూ. అప్పటి నుంచి ఎవరు కారు కొంటున్నా నేను బీమా గురించే అడుగుతాను.

బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉందంటారు. దాని అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని. వానకు రోడ్డు మీద నిలిచిన నీళ్లకు అది చాలు. రెండు మూడు రోజులు మునిగి ఉండే వరదకు కాదు. మునిగిన ఈవీని స్టార్ట్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, దగ్గరికి వెళ్లి తీగలు ముట్టుకోకూడదు. లాగించుకుని సర్వీస్ సెంటర్‌కే పంపాలి. ఈవీలో బ్యాటరీయే అన్నిటికంటే ఖరీదైన భాగం. కాబట్టి పాలసీలో నీళ్ల వల్ల బ్యాటరీకి జరిగే నష్టం, చార్జర్ పాడవడం కవర్ అవుతాయా అని రాతపూర్వకంగా అడగండి. జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టని బీమా) తప్పకుండా తీసుకోండి. ప్రీమియం కాస్త ఎక్కువైనా అక్కడ తగ్గించుకోవద్దు. మియాపూర్‌లో మీ పార్కింగ్ పల్లంలో ఉందేమో చూసుకోండి, సెల్లార్ అయితే మరీ జాగ్రత్త.

మెకానిక్ షెడ్డు:
మంచి మాట చెప్పారు. నా వంతు నేను చెబుతా. ఈవీకి ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, సైలెన్సర్ లేదు. బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. అందుకని ఖర్చే లేదనుకోవద్దు. కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఏసీ ఫిల్టర్ మామూలే. బరువు ఎక్కువ, కాలు వేయగానే లాగుడు ఎక్కువ, కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి. ఇంకొకటి, పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా లోపలి చిన్న 12 వోల్టుల బ్యాటరీ డౌన్ అయితే కారు కదలదు. నా దగ్గరికి లాగించుకుని వచ్చే ఈవీల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే. రెండు వారాలు కారు తీయకుండా ఊరెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి.

పంచ్ ఈవీ, టియాగో ఈవీ రెండిట్లో అయితే మీ కుటుంబానికి పంచ్ అంటాను. 2024లో వచ్చినప్పుడు 25, 35 యూనిట్ల బ్యాటరీలతో వచ్చింది. భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు. పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి ఎత్తు సరిపోతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. 35 యూనిట్లది బడ్జెట్‌లో పడితే అదే తీసుకోండి. హైవేలో ఆగాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. 25 యూనిట్లది మాత్రమే అందితే అప్పుడు టియాగో పెద్ద బ్యాటరీకీ దానికీ రేంజ్‌లో పెద్ద తేడా ఉండదు, ఒళ్లు బరువు పంచ్‌దే ఎక్కువ.

మియాపూర్ మూడో ఫ్లోర్:
విండ్సర్ బ్యాటరీ అద్దె పథకం సంగతి?

లెక్కల మాస్టారు:
2024 సెప్టెంబర్‌లో విడుదలైనప్పుడు కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయలు. మీ 1200 కిలోమీటర్లకు నెలకు 4,200. కరెంట్ 1,500 కలిపితే 5,700. పెట్రోల్ మీద మిగిలే ఏడు వేలల్లో మూడు వేలు కూడా మీ చేతిలో ఉండవు. ఇది కూడా ఒక అప్పే, కాకపోతే కిలోమీటర్ల రూపంలో కడతారు. నెలకు ఇన్ని కిలోమీటర్లయినా కట్టాలన్న కనీస షరతు ఉందా, కారు అమ్మేటప్పుడు బ్యాటరీ ఒప్పందం ఏమవుతుంది, కిస్తీ తప్పితే ఏం చేస్తారు, ఈ మూడూ ఒప్పందంలో చదివి సంతకం పెట్టండి. కారు చాలా బాగుంటుంది, వెనక సీటు విశాలంగా ఉంటుంది. కొనాలనుకుంటే బ్యాటరీతో సహా కొనండి. అప్పుడది మీ బడ్జెట్ దాటిపోతుంది.

పాత బండి ప్రేమికుడు:
సెకండ్‌హ్యాండ్ నెక్సాన్ ఈవీలు దొరుకుతున్నాయి, అది కూడా చూడొచ్చు కదా? 2020 తర్వాత వచ్చిన 30.2 యూనిట్ల బ్యాటరీవి.

మెకానిక్ షెడ్డు:
చూడొచ్చు. అయితే ఓడోమీటర్ చూసి కొనకూడదు, బ్యాటరీ ఆరోగ్యం చూసి కొనాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించి రిపోర్ట్ కాగితం తీసుకోవాలి. దాని బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అందులో ఎంత మిగిలిందో చూడండి. కొన్ని కొత్త కార్లకు జీవితకాల వారంటీ అంటున్నారు, విండ్సర్‌కైతే అది మొదటి యజమానికే. ట్యాక్సీగా తిరిగిన బండి అయితే వదిలేయండి, రోజూ ఫాస్ట్ చార్జింగ్ మీదే బతికి ఉంటుంది.

గుంటూరు మేడ:
సొంత ఇల్లున్నవాళ్లు ఈ చర్చ చదువుతుంటే నాదీ ఒక మాట. మా మేడ మీద కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం, 78 వేలు సబ్సిడీ వచ్చింది. ఎండ బాగున్న రోజు పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. మా ఆంధ్రలో 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75. కారు వచ్చాక ఆ పై శ్లాబుల్లోకి పోకుండా ఆపింది సోలారే. కోదాడలో మీ నాన్నగారిది సొంత ఇల్లు అయితే ఎప్పుడైనా ఆలోచించండి.

మియాపూర్ మూడో ఫ్లోర్:
మీటింగ్ అయింది. కాగితం, మార్గదర్శకాల ప్రింట్, కేబుల్ వెళ్లే దారి గీసిన బొమ్మ ఇచ్చాను. సెక్రటరీ గారు ఒప్పుకున్నారు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి నా ఖర్చుతో పార్కింగ్‌లో పెట్టాలన్నారు. సంతోషంగా పెడతానన్నాను. ఇంకో ఇద్దరు ఫ్లాట్లవాళ్లు మాకూ కావాలన్నారు, ముగ్గురికీ ఒకే దారిలో కేబుల్ ట్రే వేయిస్తున్నాం. కామెట్, విండ్సర్ పక్కన పెట్టేశాను. పంచ్ పెద్ద బ్యాటరీకి రెండు చోట్ల ఆన్‌రోడ్ కొటేషన్ అడిగాను. వచ్చే శనివారం అమ్మానాన్న వస్తున్నారు, టెస్ట్ డ్రైవ్ అప్పటికి పెట్టుకున్నాను. ఏం చూడాలో చెప్పండి.

మెకానిక్ షెడ్డు:
షోరూం చుట్టూ ఒక రౌండ్ వేసి దింపేస్తారు, దానికి ఒప్పుకోకండి. మీ ఆఫీసు దారిలో తీసుకెళ్లమని అడగండి. అమ్మానాన్నను వెనక కూర్చోబెట్టండి. బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి కొన్నిట్లో మోకాళ్లు పైకి లేచినట్టుంటుంది, గంట ప్రయాణానికి తొడ కింద ఆనుతుందో లేదో వాళ్లే చెప్పాలి. బ్రేక్ మీద కాలు పెట్టకుండా వేగం తగ్గే మోడ్‌లు మార్చి చూడండి. ఎక్కువలో పెడితే వెనక కూర్చున్నవాళ్లకు వికారంగా ఉండొచ్చు.

కొటేషన్ వచ్చాక బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలని బలవంతం చేస్తే బయట రేటు చూపించండి. డెలివరీ రోజు తయారైన నెల, 12 వోల్టుల బ్యాటరీ, డిక్కీలో పోర్టబుల్ చార్జర్ ఉన్నాయో లేదో చూసి, షోరూంలోనే ఫాస్ట్ చార్జర్‌కు ఒకసారి తగిలించి పనిచేస్తుందని తేలాకే సంతకం పెట్టండి.

కరెంటు పని:
కేబుల్ కొనే ముందు మీటర్ బోర్డు నుంచి మీ స్లాట్ దాకా టేపుతో కొలిచి నాకు చెప్పు తమ్ముడూ. ముప్పై మీటర్లు దాటితే 6 చదరపు మిల్లీమీటర్లదే వెయ్యి. ముగ్గురి ఎర్తింగ్‌కూ కలిపి కొత్త గుంత ఒకటి తీయించండి, పాతదాని మీద ఆధారపడొద్దు.